టౌను నీళ్ళు పడవు

విశాఖపట్నం, పోర్టు వాళ్ళ క్వార్టర్లు, ఎండాకాలపు ఆదివారం. చర్చి నుంచి వచ్చి, కట్టుకున్న మంచి చీర ఇంకా మార్చుకోకుండానే జయశీల చేపల పులుసు పొయ్యి మీద పెట్టింది. ఆమె మొగుడు సత్యానికి అక్క అయిన చిలకమ్మ, తగరపువలస అవతలి పల్లె నుంచి మొగుణ్ణీ చిన్న పిల్లల్నీ వెంటేసుకుని సముద్రం చూడాలంటూ నిన్న దిగింది. తమ్ముడి పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఇదే ఆవిడ మొదటిసారి గుమ్మం తొక్కడం. తొక్కుతూ తొక్కుతూ తిండి డబ్బాలు, బియ్యం మూట, బిందెడు నీళ్ళు, ఆఖరికి పొయ్యి కూడా మోసుకొచ్చింది; జయశీల అదృష్టం కొద్దీ గోడలు మాత్రం తేలేదు. వంటింటి గుమ్మానికి లోపల జయశీల, బయట వసారాలో వదిన.

"కిరసనాయిలా వదినా? ఇస్తాను, దానికేటి! అదొక్కటీ మర్చిపోయి వచ్చేరా?"

"మర్సిపోనేదమ్మా. సీసాడు తెచ్చేం. బస్సులో మా సిన్నగుంటడు కాలెట్టి తన్నీసేడు. సగం ఒలికిపోనాది. పులిహోర మూటక్కూడా రవ్వంత వాసన పట్టీసింది."

"అయ్యో! మరి ఆ పులిహోర పారేశారా?"

"పారీడమేటి? మీ అన్నయ్య తినీసేడు. ఆకలేత్తే వాసనేటి సేత్తాది?"

"అవునవును. కిరసనాయిలు పడుతుంది. నా వంటే పడదు."

"ఏటన్నావు?"

"మీ పప్పు అడుగంటుతుందేమో చూసుకోండి అన్నాను. ఇదిగో డబ్బా. ఆగండాగండి, నా చేత్తో ఇవ్వొచ్చా, కింద పెట్టమంటారా?"

"ఏటా మాట జయా! నాను అలాటిదాన్నా? నన్నంత మాటంటావా? ... కిందెట్టు. అంటే, అది కాదు, నా సేతులు తడిగా ఉన్నాయి."

"పెట్టేను. తీసుకోండి. కిరసనాయిలుకి ఏటీ అంటుకోదు కదా వదినా?"

"దానికేటి అంటుకుంటాది? అది కంట్రోలు కొట్లోది."

"బియ్యమూ ఆ కొట్లోవే. నా కుండలో పడ్డాకనే వాటికి జబ్బు చేస్తున్నట్టుంది."

"నువ్వు మనసులో ఏటో ఎట్టుకుని మాటాడతన్నావు. నాను నిన్నే సెప్పేను కదమ్మా. మాకు టౌను నీళ్ళు పడవు. గుంటలికి రొంప సేసెత్తాది. మీ అన్నయ్యకైతే గొంతు పట్టెత్తాది. అందుకే బిందెడు తెచ్చుకున్నాం. ఆ బస్సోడున్నాడూ, బిందికి కూడా టిక్కెట్టు కొట్టేడమ్మా! కొట్టి ఊరుకున్నాడా? 'ఏటమ్మా, ఇశాపట్నం ఎల్తా నీళ్ళట్టుకెల్తన్నావు, అక్కడ సముద్రం ఎండిపోనాదేటి' అని ఎటకారం. బస్సంతా ఒకటే నవ్వు. నాను తలొంచుకు కూకున్నాను."

"పాపం. ఇంత కష్టపడి తెచ్చేరు. మరి నిన్న సాయంత్రం బీచీలో అన్నయ్య గోళీసోడా తాగేరు కదా? ఒకటి తాగి, ఇంకోటి కొట్టమన్నారు కూడా."

"అది సోడా. నీళ్ళు కాదు కదా?"

"సోడా దేంతో చేస్తారు వదినా?"

"గేసుతో."

"ఓహో. మరి ముంత కింద పప్పు? పిల్లలు తిన్నారు, అన్నయ్య తిన్నారు, మీరు కూడా కొంగు చాటున..."

"రుసి సూసేను. ఉప్పెక్కువైందేమోనని, గుంటల కోసం."

"మంచి పని చేసేరు. ఆ ముంతవాడు ఎవులు, ఆడి ఇల్లెక్కడ, ఆళ్ళావిడ ఏ దేవుడికి దండం పెడుతుంది, ఏటైనా అడిగేరా?"

"ఎవులో తెలీనోడైతే ఫరవానేదమ్మా."

"అదీ మాట! అంటే నాను మీకు తెలిసినదాన్నవడమే తప్పైందన్నమాట."

"సూడు, సూడు, మల్లీ మొదలెట్టీసేవు. ఆదివారం పూట ఎందుకు సెప్పు మనిద్దరికీ? ఇలా రా. ఇయి సూడు. ఇయి జంతికలు. ఇయి సేగోడీలు. ఇదిగో మావిడి తాండ్ర, మా సెట్టుదే. అడుగున పోకుండలున్నాయి, సత్యానికి సిన్నప్పట్నుంచీ పేణం. రాత్రీ పగలూ కూకుని వొండేనమ్మా, నడుం పడిపోనాది. నువ్వూ ఓ రెండు తిను. దోసిలి పట్టు."

"అంత ఎత్తు నుంచి వేస్తే విరిగిపోతాయి వదినా."

"ఏటీ అవదు, గట్టి పాకం. ఇంద!"

"పడ్డాయి. చాలా బాగున్నాయి. నిజం చెప్తన్నాను, ఇంత బాగా నాకు రావు. మీ వంట నాను తినొచ్చు. నా వంట మీరు తినకూడదు. పిండి ఒకటే, బెల్లం ఒకటే. ఏ చేయి ఎటు చాస్తుందన్నదే లెక్క."

"నువ్వు సదూకున్నదానివి. నీ మాటలు నాకు అందవు."

"అందుతాయి వదినా. గుమ్మం దగ్గరే ఆగిపోతన్నాయి. నిన్న రాత్రి కాస్త చారన్నా పోసుకోండంటే ఇయ్యాల శనివారం అన్నారు. సరే అనుకున్నాను. మరి ఇయ్యాల?"

"ఆదివారం సూరీడికి."

"రేపు?"

"సోమారం శివుడు ఉన్నాడు కదా?"

"మంగళారం?"

"మంగళారం ఊరెలిపోతాం."

"దేవుళ్ళందరూ వరసగా డూటీలు వేసుకుని నా వంటింటికి కాపలా కాస్తన్నారు. నా ఆస్పత్రిలో నర్సులక్కూడా ఇంత పద్ధతిగా డూటీలు పడవు."

సత్యం కరివేపాకుతో బజారు నుంచి వచ్చాడు. వచ్చిన వాడు వంటింట్లోకి రాకుండా వసారాలో డబ్బాల దగ్గరే ఆగిపోయాడు.

"అప్పా, జంతికలింకా ఉన్నాయా?"

"నీ కోసమే కదరా తెచ్చేను సత్తీ. తిను, తిను. సిక్కిపోయేవు."

"ఈయన చిక్కేరా? వదినా, పెళ్ళినాటి పేంట్లు ఒక్కటీ ఎక్కట్లేదు ఈయనకి. ఏవండీ, కరివేపాకు అక్కడే నమిలేస్తారా, నాకేమైనా ఇస్తారా?"

"వత్తన్నాను, వత్తన్నాను. ఓలమ్మ, ఏం రుచప్పా! మనమ్మ చేసినట్టే ఉన్నాయి."

"ఇయ్యాల మీరెటు తింటారు? గుమ్మానికి ఇటా, అటా?"

"రెండు పక్కలా తింటాను. నాకు రెండు నీళ్ళూ పడతాయి."

"అదృష్టవంతులు."

"జయా, ఊరుకో. ఇన్నాళ్ళకి ఒచ్చింది అప్ప. ఒచ్చినందుకు సంతోషించు. ముందు రానీ, తర్వాత తింటాది."

"సంతోషమే. అందుకే కదా కిరసనాయిలిచ్చేను."

"సత్తీ, జంతిక కింద పెట్టు. నీతో ఓ మాట సెప్పాలి. ఇలా ఈది అరుగు మీదికి రా."

"ఇక్కడే చెప్పండి వదినా. ఈ క్వార్టర్లలో వసారాలో గుసగుసలాడినా పక్కింటివాళ్ళకి వినపడుతుంది. నాకు వినపడితే తప్పేటి?"

"తప్పని కాదు. ... సరే, నీ ముందే సెప్తాను. సత్తీ, మన రత్నానికి పెళ్ళి కుదిరినాది."

"రత్నానికే! నూకరత్నానికి! ఓలమ్మ! నా బుజం మీదెక్కి తీర్తం సూసిన గుంట! నా సెవులు పట్టుకుని గుర్రాన్ని తోలినట్టు తోలేది, గుర్తుందా అప్పా? దానికి పెళ్ళా! జయా, విన్నావా?"

"విన్నాను. చాలా సంతోషం వదినా. మరి ఇది నిన్న బస్సు దిగగానే చెప్పాల్సిన మాట కదా? సముద్రం చూడ్డానికొచ్చేం అన్నారు."

"సముద్రమూ సూద్దామనే ఒచ్చేం. రెండూ కలిసొత్తాయని. సత్తీ, మేనమామవి నువ్వొక్కడివే. పెళ్ళికూతుర్ని గంపలో ఎట్టి పందిట్లోకి తేవాల. నువ్వు తప్ప ఎవులు ఎత్తుతారు సెప్పు? పెళ్ళోళ్ళ ముసలామె మరీ మరీ అడిగినాది, మేనమామ గంపెత్తకుండా పిల్లని మా గుమ్మం ఎక్కించుకోం అని."

"ఎత్తుతాను! ఎత్తకపోతానా? ఇద్దరు రత్నాల్నైనా ఎత్తుతాను. పగలంతా పోర్టులో ఇనప కమ్మీలెత్తే సేతులివి. ఏటి, ఏడుత్తన్నావా అప్పా?"

"ఏడవనేదు. కిరసనాలు పొగ."

"ముహూర్తం ఎప్పుడో చెప్పండి వదినా. నాను సెలవు పెట్టుకోవాలి."

"నీకేటమ్మా, ఆస్పత్రి డూటీ. నీకు సెలవెవులిత్తారు?"

"ఇస్తారు. ఆడబిడ్డ కూతురి పెళ్ళంటే ఎందుకివ్వరు?"

"వద్దొద్దు. రోగులు ఉసూరుమంటారు. పాపం తగుల్తాది."

"మా రోగుల మీద మీకింత జాలి ఉందని తెలిస్తే ఆళ్ళు మంచం దిగి నడిచేస్తారు. వదినా, సూటిగా చెప్పండి. నన్ను రావొద్దంటన్నారు. అంతేనా?"

"రావొద్దని నా నోటితో అన్నానా?"

"అనలేదు. అందుకే అడుగుతన్నాను."

"అప్పా, అదేటది? జయ రాకపోతే ఎలగ? ఇద్దరం కలిసే వత్తాం. అందరికీ తెలిసిందే కదా."

"అందరికీ తెలీదురా."

"అంటే?"

"పెళ్ళోళ్ళు అడిగేరు, మేనమామ ఏటి సేత్తన్నాడని. మీ బావ నోటికొచ్చినట్టు సెప్పీసేడు. బొంబాయిలో ఉన్నాడన్నాడు."

"నానెప్పుడెళ్ళేనప్పా బొంబాయి?"

"ఎల్లక్కర్నేదు. అక్కడ్నుంచి ఒచ్చినట్టు దిగితే సాలు. నల్ల కళ్ళజోడొకటి కొనుక్కో."

"బొంబాయిలో ఏటి సేత్తన్నానంట?"

"సేటు కాడ లెక్కలు రాత్తన్నావు."

"నాకు హిందీ ముక్క రాదే!"

"పెళ్ళి పందిట్లో నిన్ను హిందీ ఎవుడు మాటాడమంటాడు? గంపెత్తు, అచ్చింతలెయ్యి, బండెక్కి ఎలిపో."

"బాగుంది వదినా. మరి నాను? బొంబాయిలో నానేటి చేస్తన్నాను? అక్కడా నర్సేనా?"

"ఉండమ్మా, పప్పు అడుగంటతన్నట్టుంది."

"చెప్పండి. ముందే తెలిస్తే నానూ అలా నడుచుకుంటాను కదా."

"నువ్వు... నువ్వు నేవు."

"లేనా?"

"సత్యానికి ఇంకా పెళ్ళవనేదని సెప్పేం."

"అప్పా!"

"నన్ననకు! మీ బావ సెప్పేడు. నాను పక్కన్నిలబడి తలూపేనంతే."

"ఆగండి, మీరు కేకలెయ్యకండి. వదినా, నాను లేను. సరే. మరి మా గ్రేసు?"

"బెమ్మచారికి పాపెలగుంటాదమ్మా? ... అదీ నేదు."

"ఇప్పుడు మీ పిల్లల చెయ్యి పట్టుకుని హార్బరులో ఓడలు చూపిస్తన్నది ఆ లేని పాపే వదినా. పొద్దున్న మీ సిన్నోడికి కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే కట్టు కట్టింది, ఆ లేని మనిషే."

"నాకు తెల్సు. నాకు తెలీదనుకున్నావా? నాకు మాత్రం సరదానా? నువ్వీణ్ణి సేసుకున్నప్పుడు మా ఊర్లో ఏటేటన్నారో నువ్వినలేదు, నాను విన్నాను. మా మావ సత్యం పేరు ఇంట్లో పలకొద్దన్నాడు. పలకనేదు. పోకుండలొండిన పెతీసారీ మొదటిది తీసి పక్కనెట్టీదాన్ని, ఎవులికని అడిగితే కాకికనీదాన్ని. ఇప్పుడు మా మావ పోనాడు. పిల్ల పెళ్ళి కుదిరినాది. ఈడు గంపెత్తకపోతే ఆ సంబంధం ఉండదు. ఈడెనకాల నువ్వొత్తే అసలే ఉండదు. నన్నేటి సెయ్యమంటావు?"

"మీ కష్టం నాకు తెలుస్తంది. కానీ నా మాట కూడా వినండి. నాకు కోపం కాదు వదినా, సిగ్గుగా ఉంది. మొన్న మీరొస్తన్నారని తెల్సి ఇల్లంతా కడిగేను. గోడ మీద ప్రభువు పటం చూసి మీరేటైనా అనుకుంటారేమోనని ఆ రాత్రి దాన్ని లోపలి గదిలోకి మార్చేను. తర్వాత నా మీద నాకే అసహ్యమేసి, మళ్ళీ తెచ్చి అక్కడే తగిలించేను. కొత్త చాప కొన్నాను, మీ పిల్లలకి. మీరు దిగేరు. దిగి, నా పొయ్యికి ఇవతల ఇంకో పొయ్యి పెట్టుకున్నారు. పక్కింటి ప్రేమలీల అడిగింది, 'మీ వదినగారు పత్యం చేస్తన్నారా' అని. అవునన్నాను. అబద్ధమాడేను, చర్చికెళ్ళబోతూ."

"జయా..."

"మీరు మాటాడకండి. మీకూ ఓ మాట చెప్తాను. మేనకోడలి పెళ్ళి, వెళ్ళండి. నానాపను. గంపెత్తండి. కానీ బొంబాయి నుంచి దిగి, పెళ్ళాం లేనోడిగా గంపెత్తితే, తిరిగొచ్చేక ఈ ఇంట్లోకి ఏ ముఖం పెట్టుకుని వస్తారో అది మాత్రం చూసుకుని వెళ్ళండి."

"ఒక్క పూట కదా జయా... రత్నం నా సేతిలో పెరిగింది."

"ఒక్క పూట! ఒక్క పూట పెళ్ళవనోడై పోతారా? మధ్యాహ్నం దాకా బ్రహ్మచారి, సాయంత్రం బస్సు దిగేసరికి గ్రేసు నాన్న. బాగుంది. షిఫ్టు డూటీ."

"నువ్వలగ మాటాడితే నానేటి సెప్పను? అప్పా, నువ్వైనా ఆలోసించు. పెళ్ళోళ్ళకి నిజం సెప్పీ. ఏటవుతాది?"

"ఏటవుతాదా? నీకు తెలీదురా ఆళ్ళ సంగతి. మహా నిష్టగలోళ్ళు. మనకంటే నాలుగాకులు ఎక్కువే. ఆ పెళ్ళికొడుకున్నాడూ, బయట పచ్చి మంచినీళ్ళు ముట్టడంట. టౌన్లో ఉద్యోగం సేత్తా కూడా సొంతంగా వొండుకునే తింటాడంట. ఓటేలు గుమ్మం ఎక్కడంట. ఆళ్ళమ్మ సెప్పినాది, సెప్తా కళ్ళనీళ్ళెట్టుకుంది, 'నా కొడుకు పస్తైనా ఉంటాడు గానీ ఇంకోల్ల ఇంట సెయ్యి కడగడు' అని. అలాటి పిల్లోడికి, మా ఈడు ఇలగిలగ సేసుకున్నాడు అని ఎలగ సెప్పమంటావు?"

"టౌనంటే ఏ టౌను?"

"ఇదే. మీ పోర్టులోనే. కిరేనులు నడుపుతాడంట."

"మా పోర్టులోనా! అప్పా, అలాటప్పుడు బొంబాయని ఎలగ సెప్పేరే? ఒక్క చోట పని సేసేవోళ్ళం, ఎదురుపడవా?"

"పోర్టంటే ఊరంత ఉంటాదంట కదా? ఎవుడికెవుడు తెలుత్తాడు? అయినా నాకూ బయమేసింది. అదీ కనుక్కుందామనే ఒచ్చేను. నువ్వా పిల్లోడికి ఎరికవితే కళ్ళజోడుతో పాటు మీసం కూడా తీయించెయ్యాల."

"పేరేటి?"

"గురువులు."

"గు... గురువులా? కిరేను గురువులా?"

"ఏటి, ఎరికా? జంతిక అడ్డం పడిందా ఏటి, ఎందుకలా దగ్గుతన్నావు? జయా, కాసిని నీళ్ళియ్యి. నా బిందిలోవి కాదు, నీవే ఇయ్యి, ఆడికి పడతాయి కదా."

"ఇదిగో తాగండి. నిదానంగా. వదినా, ఫోటో ఉందా?"

"ఉంది. సంచీలో ఉంది. ఇదిగో, సూడు."

"చేతికే ఇవ్వండి, ఫరవాలేదు. ఫోటోకి ఏటీ అంటుకోదు. ... అబ్బాయి బాగున్నాడు. చొక్కా మరీ బాగుంది."

"పెళ్ళిసూపులకి కూడా ఆ సొక్కాయే తొడుక్కున్నాడు. ఎవులో అక్కగారు కొని పెట్టిందంట. అక్కలెవులూ నేరు మరి, పెద్దమ్మ కూతురో ఎవులో."

"ఎవరో గానీ మంచి బట్టే ఎంచింది. క్రిస్మస్ ముందు వస్తాయి ఇలాంటివి."

"జయా, సెవి ఇలా పెట్టు. అప్పకి సెప్పీడం మంచిది. ఆడు మొన్న సంబంధం కుదిరిందన్నాడు, ఎక్కడరా అంటే సిగ్గుపడి..."

"మీరుండండి. వదిన చెప్తన్నారు కదా, విననివ్వండి. వదినా, ఫోటోలో కాస్త సన్నగా ఉన్నాడు. ఇప్పుడు ఒళ్ళు చేశాడా?"

"సేసేడు. బుగ్గలొచ్చేయి. సొంత వొంట కదా, ఒంటికి పట్టింది."

"అలాగా. ఎవరు వండుతున్నారో గానీ బాగానే వండుతున్నారన్నమాట."

"ఆడే వొండుకుంటాడంటే!"

"అవునవును, మర్చిపోయాను."

"జయా, టైమెంతైంది?"

"పన్నెండు కావస్తంది."

"ఒచ్చీసే వేళైంది జయా."

"రానివ్వండి."

"ఎవులొచ్చేది? మీ అన్నయ్యా, గుంటలా?"

"కాదు వదినా. ప్రతీ ఆదివారం ఓ అబ్బాయి మా ఇంటికి భోజనానికొస్తాడు. ఈయన స్నేహితుడే. ఒంటరివాడు."

"నీ ఇంట తింటాడా?"

"తింటాడు. రెండుసార్లు అడిగి వడ్డించుకుంటాడు."

"ఎవులమ్మా ఆడు, ఆళ్ళమ్మకి తెలుసా? తెలిత్తే గుండాగి సత్తాది."

"తెలీదనుకుంటాను. వదినా, ఊరికే ఓ మాట అడుగుతాను. మీ పెళ్ళికొడుకు ఈ గురువులే, ఎప్పుడైనా మా ఇంట్లో ఓ పూట భోంచేశాడనుకోండి. అప్పుడేటి?"

"సెయ్యడు."

"అనుకోండి."

"అనుకోడానికైనా ఒల్లు జలదరిత్తాది. ఆ పిల్లోడు సెయ్యడమ్మా! ఆళ్ళమ్మ నా సేతులు పట్టుకుని సెప్పినాది."

"ఒకవేళ చేస్తే?"

"నీకు మరీ పంతమెక్కువ జయా. సేత్తే ఏటి? ఆ పిల్లోడు నీ ఇంట మెతుకు ముట్టినాడంటే, ఇంక నాకెందుకమ్మా వేరే పొయ్యి? వేరే కంచమెందుకు? నీ కంచంలో సెయ్యెట్టి, నీతో పాటే తింటాను. నీ మొగుడూ నువ్వూ పెళ్ళికొచ్చి పందిట్లో ముందు కూకోండి. సాలా?"

"అప్పా! ఆ మాట ఎనక్కి తీసుకో!"

"ఎందుకు తీసుకుంటాను? నాను మాటంటే మాటే."

"తీసుకోవద్దు వదినా. అలాగే ఉంచండి."

"జయా, వద్దు. అప్ప పరువు..."

"నా పరువు నిన్నట్నుంచీ ఈ గుమ్మంలో కిరసనాయిలు డబ్బా పక్కనే ఉంది. దాన్నెవరూ పట్టించుకోలేదు కదా?"

వీధి గుమ్మం దగ్గర ఎవరో సైకిలు దిగి స్టాండు వేశారు.

"సత్యమన్నా! ఓ జయక్కా! పులుసు దించీసేవేటి? సందు సివరికొచ్చేసింది వాసన, సైకిలు దానంతటదే తిరిగిపోనాది ఇటు. తలకాయ ముక్క నాకే, పోయినోరంలా అన్నకి ఏసీకు. ఇదిగో, శుబలేకలు అచ్చయి ఒచ్చీసేయి. మొట్టమొదటిది మీ ఆలుమొగుళ్ళకే. గ్రేసునట్టుకుని ముందురోజే ఒచ్చీయాల. మీరు రాకపోతే నాను పీటల మీద కూకోను, ముందే సెప్పేత్తన్నాను. ... ఏటి, ఎవులూ పలకరేటి?"

"రా గురువులూ, రా. తలకాయ ముక్క నీకే ఉంచేను. కాళ్ళు కడుక్కో, మీ అత్తగారు కూడా ఇక్కడే ఉన్నారు. వదినా, అలా నిలబడిపోయేరేటి? లోపలికి రండి. కంచం వేరేగా పెట్టమంటారా, నా దాంట్లోనే తింటారా?"